రెండు నిమిషాల బెటో

పడమటి వాడలో గట్టి వాన పడితే వీధే కాలువైపోతుంది. అదే వాన ఉత్తరం వైపు పెద్దిళ్ళ మీద పడితే పూలమొక్కలు తళతళలాడతాయి, అంతే. ఈ టెక్సస్ నగరంలో మేయరు మారినప్పుడల్లా పడమటి వాడకి వాననీటి కాలువ తవ్విస్తామని మాటివ్వడం ఆనవాయితీ. మాటకేం, డబ్బులా కాసులా! పెళ్ళయి ఆ వీధికి వచ్చిన నాటి నుంచీ ఆ మాటే వింటూ విసిగిపోయిన ఓటిలియా కాంటూ, ఒకరోజు చర్చి హాల్లో కుర్చీలు వేయించి ఇరుగుపొరుగును పోగేసి వాడ సంఘం పెట్టింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే మనిషి. గొంతు పెద్దది, మొండితనం అంతకన్నా పెద్దది. చూస్తుండగానే వాడకంతటికీ పెద్దదిక్కయి కూర్చుంది.

కిందటి సెప్టెంబరు వానకి, అదే వీధిలో ఉండే హెర్లిండా కొడుకు బెటో ఆ వీధి నీళ్ళలోనే కొట్టుకుపోయాడు. తొమ్మిదేళ్ళవాడు. జ్ఞానస్నానం నాడు వాణ్ణి ఎత్తుకుని నిలబడింది ఓటిలియానే. ఆనాటి నుంచీ కన్నతల్లీ జ్ఞానతల్లీ ఒకరినొకరు ‘కొమాద్రే’ అని పిలుచుకుంటారు. అక్కచెల్లెళ్ళ కన్నా గట్టి వరస అది. వాడలో మిగతావాళ్ళకి ఆమె ‘సెన్యోరా కాంటూ’, అంటే కాంటూ గారు.

మట్టిచ్చి వచ్చిన రోజు వంటింట్లో ఓటిలియా చెయ్యి పట్టుకుని హెర్లిండా జరిగిందంతా చెప్పుకుంది. తను పెనం మీద రొట్టెలు కాలుస్తోందట. వాడు ఆమె చెప్పొకటి ఎత్తుకుపోయి గుమ్మం ముందు పారుతున్న నీళ్ళలో పడవ చేసి వదిలాడట. కిటికీలోంచి ఆమె కేకలేస్తే వాడు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. ఆ మాటకి ఆమెకి పకపకా నవ్వొచ్చింది. నవ్వుతూనే రొట్టె తిరగేసి మళ్ళీ చూసేసరికి పిల్లాడు లేడు.

నగరసభలో ఎవరైనా రెండు నిమిషాలే మాట్లాడాలి. గంట మోగితే మైకు ఆగిపోతుంది, నీ కష్టం సగంలో ఉన్నా సరే. అందుకే వాడ సంఘంలో ఎవరు మాట్లాడాలన్నా బల్ల మీద గడియారం పెట్టుకుని ముందే సాధన చెయ్యాలి. ఏడుపొస్తే ఏడవొచ్చు, కానీ అదీ ఆ రెండు నిమిషాల్లోనే కానివ్వాలి. ఓటిలియా పెట్టిన పద్ధతి అది.

సభలో చెప్పాల్సింది నేర్పడానికి హెర్లిండాని ఆమె తన వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చెప్పు సంగతి తీసేసింది. రొట్టెల సంగతి తీసేసింది.

“నవ్వానని మాత్రం అనకు కొమాద్రే. తల్లి చూసుకోలేదంటారు. కాలువ వదిలేసి నిన్ను పట్టుకుంటారు.”

“మరి వాడన్న మాట?”

“దానికి టైమెక్కడుంది?”

“అది చెప్పకపోతే వాడెలాంటి పిల్లాడో వాళ్ళకెలా తెలుస్తుంది?”

“వాళ్ళకి తెలియాల్సింది వాడు కాదమ్మా. నీళ్ళ లోతు.”

ఓటిలియా చెడ్డమనిషేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంకో తల్లికి ఈ కడుపుకోత రాకూడదనే ఆమె తాపత్రయం. మొదట్లో చెప్పు దగ్గరికి రాగానే హెర్లిండా నాలుక తడబడేది, ఓటిలియా వేలితో బల్ల మీద తట్టేది. చర్చి హాళ్ళలో చెప్పించింది, పేపరువాళ్ళకి చెప్పించింది, రేడియోలో చెప్పించింది. పోనుపోను తడబాటు పోయింది. శిష్యురాలిని చూసుకుని ఓటిలియా మురిసిపోయింది కూడా.

నగరసభ రోజున వాడంతా బస్సులెక్కి వెళ్ళింది. హెర్లిండా గంట మోగకముందే ముగించింది. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు మేయరు, పాపం మంచికే, ముందుకి వంగి అడిగాడు.

“మీ బాబు ఎలాంటివాడమ్మా?”

ఇది సాధనలో లేని ప్రశ్న. హెర్లిండా ఓటిలియా వైపు చూసింది. తరువాత మైకు పట్టుకుని, “నా పేరు హెర్లిండా, మా వీధి వానొస్తే...” అంటూ మళ్ళీ మొదలుపెట్టింది. అవే మాటలు, ఆగవలసిన చోట అదే ఆగడం, వణకవలసిన చోట అదే వణుకు. గంట మోగినా ఎవరూ మైకు ఆపలేదు. పుత్రశోకం అనుకుని సభంతా కళ్ళు తుడుచుకుంది. ఓటిలియా మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. కాలువకి డబ్బు మంజూరైంది, ఒక్కరు కూడా కాదనలేదు.

ఏ పని ముగిసినా గుండ్రంగా నిలబడి, మనసులో ఏముందో ఒక్క మాటలో చెప్పుకోవడం సంఘంలో అలవాటు. గర్వం అన్నారొకరు. ఆకలి అన్నాడొక ముసలాయన, అందరూ నవ్వారు. హెర్లిండా వంతు వచ్చింది. “ఏమీ లేదు” అంది. అలిసిపోయిందిలే అనుకుంది ఓటిలియా. అలా అనుకోవడమే ఆమెకి సుఖంగా ఉంది.

వసంతంలో వీధిలోకి యంత్రాలొచ్చాయి. జనం మడత కుర్చీలు వేసుకుని తవ్వకం చూస్తూ కూర్చున్నారు. పిల్లలు మట్టిగుట్టలెక్కారు. హెర్లిండా కనిపించకపోయేసరికి ఓటిలియా తీపిరొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళింది. హెర్లిండా వంటింట్లో ఖాళీ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

“ఒకటి అడుగుతా, కోప్పడకండి కొమాద్రే. ఆ రోజు బెటో వెనక్కి తిరిగి ఏమన్నాడు?”

“అదేంటి, నీకు తెలీదూ?”

“రావట్లేదు. తలుచుకుందామని కూర్చుంటే ‘నా పేరు హెర్లిండా’ అనే వస్తోంది నోట్లోకి. ఇక చివరిదాకా ఆగదు. అందులో వాడు లేడు. నవ్వానని తెలుసు, ఎందుకు నవ్వానో పోయింది. సిగ్గేసి మా ఆయనక్కూడా చెప్పలేదు నేను. మీకొక్కరికే చెప్పాను.”

ఓటిలియా కళ్ళు మూసుకుని వెతికింది. చెప్పు వచ్చింది, కిటికీ వచ్చింది, రొట్టె వచ్చింది. మాట రాలేదు.

కల్పించడం ఎంతసేపు? ఆ అల్లరివాడి నోటి దురుసు ఆమెకి తెలియనిదా? అమ్మా, నీ పడవ మునుగుతోందే, అన్నాడని చెప్తే చాలు. ఇన్ని నెలలుగా ఈమె నోట్లో మాటలు పెడుతూనే ఉంది, ఇంకొకటి పెడితే కాదంటుందా? చచ్చేదాకా దాచుకుంటుంది. ఓటిలియా నోరు తెరిచింది కూడా. హెర్లిండా ఆమె పెదాల వంకే చూస్తోంది. ఆ చూపుకి తాళలేకపోయింది.

“గుర్తులేదు కొమాద్రే.”

బయట యంత్రం ఏదో పెద్ద రాయి లేపినట్టుంది, జనం చప్పట్లు కొట్టారు.

“నేను చెబుతుంటే మీరు నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఏడ్చారు కూడా. అసలు విన్నారా?”

“వినలేదు” అంది ఓటిలియా. దాచాలనిపించలేదు. “ఇది సభలో పనికిరాదే, ఎలా తీసెయ్యడం అని ఆలోచిస్తున్నానప్పుడు.”

హెర్లిండా కోప్పడలేదు. లేచి పళ్ళెంలోని రొట్టెలు డబ్బాలో సర్దింది. ఖాళీ పళ్ళెం కడిగి తుడిచి, కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు రెండు చేతులతో అందించింది.

“వెళ్ళండి సెన్యోరా కాంటూ” అంది. “బయట మీ కోసం చూస్తుంటారు.”