రెండు తాళాల వాల్వు

ఏడు కొట్టకముందే అతను వాల్వు గది తలుపు తీసి, పాత బనియను గుడ్డతో పసుప్పచ్చ చక్రాన్ని తుడవడం మొదలుపెట్టాడు. చక్రానికి గొలుసు, గొలుసుకు రెండు తాళాలు. ఎర్రది అతనిది, నీలంది సరిహద్దు అవతలి కంపెనీ మనిషిది. రెండు దేశాల కంపెనీలు పొత్తు కలిసి గ్యాసు విద్యుత్ కేంద్రం కడుతున్నాయి; ఒకరి మీద ఒకరికి ఎంత నమ్మకమో ఆ గొలుసును చూస్తే చాలు. ఎవరి తాళం వాళ్లే తియ్యాలని, గ్యాసు వచ్చేదాకా ఆ ఇద్దరూ కదలకూడదని ఒప్పందంలో రాసుకున్నారు.

ఆ గ్యాసు మూడేళ్లుగా వస్తూనే ఉంది.

ఒకే గడపలో కాపురమని పనివాళ్లు ఆ ఇద్దరినీ తోడికోడళ్లు అనేవారు. అవతలి మనిషికి ఇతని దగ్గర పట్టుబడిన తెలుగు మాట ఒక్కటే: "రేపు."

ఇవాళ మాత్రం ఖాయమన్నారు. పదింటికి గ్యాసు వదిలితే సాయంత్రం బండికి ఇంటికి వెళ్లిపోవచ్చు. సంచి సర్ది స్టూలు కింద పెట్టుకున్నాడు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నచోట అంటించిన కాగితం ముక్క మెడ మీద అలాగే ఉంది.

"బండెక్కాక చెప్పండి. వండి పారబోయడం నావల్ల కాదు," అంది భార్య ఫోన్లో.

"ఈసారి నిజమేనే."

"నాకు సవతైంది మీ తాళం. ఒక్కసారి దాని మొహం చూడాలనుంది."

"బయటివాళ్లను రానివ్వరు."

"అవును, నేను బయటిదాన్నేగా."

నవ్వుతోందో లేదో అతనికి అంతుపట్టలేదు.

పదింటికి ఇంజనీరు వచ్చాడు. "అవతల నుంచి ఒక సంతకం రాలేదు బాబాయ్. సోమవారం చూద్దాం."

"నా బదులు ఇంకెవరినైనా పెట్టండి బాబూ."

"మీ పేరు మార్చాలంటే రెండు కంపెనీలూ ఒప్పుకోవాలి. దానికన్నా గ్యాసే ముందొస్తుంది."

అతను తలూపాడు. ఒళ్లు మండిపోయింది. గొలుసు కోసి అవతల పారేద్దామనిపించింది. కాసేపటికి గుడ్డ తీసుకుని చక్రాన్ని మళ్లీ తుడిచాడు.

మధ్యాహ్నం తిన్నాక స్టూలు మీద కూర్చుని, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నాలుగింటికి అవతలి మనిషి రెండు టీలు తెచ్చి, భుజం తట్టి, నవ్వించాలని "రేపు" అన్నాడు. మళ్లీ తట్టాడు. మూడోసారి తట్టలేదు. రెండు టీలూ చల్లారిపోయాయి.

మనిషి పోతే అతని తాళాన్ని దగ్గరి బంధువే తియ్యాలని ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. అన్నీ అయ్యాక, సోమవారం, అతని భార్యకు పాసు రాసి, హెల్మెట్ పెట్టి, మర్యాదగా లోపలికి తీసుకొచ్చారు.

"ఇదేనా," అంది ఆమె.

వారం వారం నూనె వేసిన తాళం. ఇట్టే వచ్చేసింది. వెంటనే ఇంజనీరు జేబులోంచి కొత్త ఎర్ర తాళం తీసి, పక్కనున్న కొత్త మనిషి చేతికిచ్చాడు. పేరు మార్చిన కాగితం ఒక్కరోజులో వచ్చిందట. గ్యాసు సంతకం ఇంకా రాలేదు.

అవతలి మనిషి ఆమెతో ఏదో అనబోయాడు. వచ్చిన మాట ఒక్కటే కావడంతో మింగేసి, టోపీ తీసి నిలబడ్డాడు.

ఆమె స్టూలు కింది సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. పాత ఎర్ర తాళం స్టూలు మీదే ఉండిపోయింది, తాళంచెవి దానికే ఉంది.