భవానీదేవి మినుములు

“కలశం వచ్చిందంట!” ఫోను పెట్టేసి సూర్యనారాయణ వేసిన కేకకు, పెరట్లో పిండం దగ్గర చేరిన కాకులు కాస్తా లేచిపోయాయి. ఆ రోజు ఆయన భార్య భవానీదేవి సంవత్సరీకం. చుట్టాలు అప్పుడే విస్తళ్ల ముందు నుంచి లేస్తున్నారు.

“ఏ కలశం, మావయ్యగారూ?” అంది కోడలు వీరవేణి.

“మన మినుములదేనమ్మా! అమలాపురం ల్యాబు నుంచి హేమ మేడంగారు చెప్పేరు.”

పోయినేడు పోయిన భవానీదేవి ఏటా ఏరి, బూడిద కలిపి, కుండలో దాచిన మినుములవి. పల్లాకు తెగులుతో మామిడికుదురు చేలన్నీ పసుపు పూసుకున్నప్పుడు కూడా ఆవిడ చేను పచ్చగా నిలిచింది. పసుపు పెళ్లికి శుభం గానీ పైరుకు కాదు. ఈ ఏడు కుప్ప మీద వాన పడి పంటంతా కుళ్లింది. కుండలోని పాత గింజలు మట్టిలో మొలవలేదు. గింజలోని పిండం తీసి సీసాలో మొక్కను పెంచుతారని విని, ఆయన గుప్పెడు గింజలు హేమకు ఇచ్చి వచ్చాడు. మినుము కదా, ఆశ మినుకుమినుకుమంటూనే ఉంది.

మామా కోడళ్లు బస్సెక్కారు. ఆయన చేతిలో పసుపు, కుంకుమ. కోడలి చేతిలో మేడంగారికని గారెల డబ్బా.

హేమ సీసా చూపించింది. అందులో నల్లబడుతున్న చిన్న ముద్ద.

“కలశం ఏదండీ?”

“కలశం కాదండీ, కాలస్. అంటే ఈ ముద్దే. దీనికి ఆకు రాలేదు, వేరు రాలేదు. పప్పుజాతి మొక్కలు మహా మొండివండీ. మిగతా సీసాలకి బూజు పట్టింది. మళ్లీ గింజలు కావాలని చెప్పేలోపే మీరు ఫోను పెట్టేసేరు. కుండలో ఇంకా ఉన్నాయన్నారు కదా?”

“ఆయ్! ఈసారి కుండే తెచ్చేస్తానండి.”

వీరవేణి గారెల డబ్బా బల్ల మీద పెట్టేసింది.

“మావయ్యగారూ... అత్తయ్యగారికి ఆవిడ మినుములంటే ప్రాణం కదా అని, రాత్రి గారెలకి అవే నానబోసేనండి. కుండ కడిగి బోర్లించేను.”

ల్యాబులో పిండం నిలవలేదు. ఇంట్లో పిండం పెట్టేశారు. “అచ్చం మీ అత్త వండినట్టే ఉన్నాయమ్మా” అంటూ మధ్యాహ్నం గారెలు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నది ఆయనే. డబ్బా మూత తీసి, గారెల్ని ఒకసారి చూసి, మళ్లీ మూసేశాడు.

ఇంటికొచ్చేసరికి చుట్టాలింకా అరుగు మీదే ఉన్నారు.

“కలశానికి పూజ అయిందా, బావా?” అన్నాడు త్రిమూర్తులు.

“కలశం కాదు బావా. కాలస్ అంట, మొక్క అవ్వని ముద్ద. నాకే సరిగ్గా వినపడలేదు.”

“పోన్లే, కుండలో విత్తనం ఉందిగా?”

సూర్యనారాయణ కోడలి వైపు చూడలేదు.

“లేదు బావా. అందరం కలిసి తినేసేం.”