టప్పుమనే సింథసైజర్

మళ్ళీ టప్!

దైవాశీర్వాదానికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పగలంతా కార్ల కంపెనీలో డాష్‌బోర్డు సర్క్యూట్లు గీయడం, సాయంత్రం అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ చలిలో గరాజ్‌లో కూర్చుని తను కట్టిన సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యంతో కుస్తీ పట్టడం. ఏడాదిగా ఇదే బతుకు. చరణానికి పిల్లనగ్రోవిలా మెత్తగా పలికే ట్రయాంగిల్ వేవ్, పల్లవికి హాలంతా నిండేలా మోగే సా-టూత్ వేవ్. రెండూ బంగారమే. ఒకదాన్నుంచి రెండోదానికి మారడానికి స్విచ్ నొక్కాడో, స్పీకర్లో తలుపు వేసినట్టు చప్పుడు!

"1982 ఈస్టర్ ఆరాధనలో కూడా అది టప్పుమంటే ఇక హార్మోనియమే బ్రదర్," అని తెలుగు చర్చి పాస్టర్ దేవకుమార్ గారు ముందే తేల్చేశారు.

"ఏమండీ, అన్నం చల్లారిపోతోంది," అని భార్య వసంతకుమారి కేకేసింది. చర్చిలో పాటలు పాడే కొయిర్‌కి లీడర్ ఆవిడే. "ఆ టప్పుతో మాకేం ప్రాబ్లం లేదు. రిహార్సల్స్‌లో అలవాటైపోయింది, వదిలెయ్యండి."

"నాకుంది ప్రాబ్లం!"

విసుగ్గా మీటర్ పెట్టి చూశాడు. ఓరి దేవుడా! ఒక వేవ్ సున్నా మీద కూర్చుంది, రెండోది దానికి బాగా పైన. మారినప్పుడల్లా వోల్టేజి ఒక్కసారిగా దూకుతోంది, అదే ఆ టప్. కార్‌లో లాగా ఒక్క బ్యాటరీ, ఒక్క గ్రౌండ్ అంటూ అలవాటు కొద్దీ గీసిపారేశాడు మరి! తన బుర్రను తిట్టుకుంటూ, ఆ తేడాను అడ్డుకునే కెపాసిటర్ చెరొకటి పెట్టి రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చాడు. స్విచ్ నొక్కాడు. చప్పుడు లేదు.

"స్తోత్రం!" అని గరాజ్ అదిరేలా అరిచాడు.

మర్నాడే ఈస్టర్ ఆదివారం. కీర్తన మొదటి చరణం అయింది. పాస్టర్ గారు కళ్ళు మూసుకుని తన్మయంగా వింటున్నారు. దైవాశీర్వాదం స్విచ్ నొక్కాడు. సా-టూత్ వెన్నలా జారి వచ్చింది. కొయిర్‌లో ఒక్కరూ నోరు తెరవలేదు!

వసంతకుమారి గుడ్లురిమి చూస్తోంది. అప్పుడు వెలిగింది అతనికి. ఇన్నాళ్ళూ వీళ్ళు పల్లవి అందుకున్నది ఆ టప్పు విని! ఖర్మరా బాబూ అనుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ, వేలి కణుపుతో సింథసైజర్ చెక్క పెట్టె మీద గట్టిగా కొట్టాడు.

టప్.

కొయిర్ గొంతెత్తింది. కీర్తన అయ్యేదాకా చరణం చరణానికీ కొడుతూనే ఉన్నాడు.

ఆరాధన అయ్యాక పాస్టర్ గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"మ్యూజిక్ అద్భుతం బ్రదర్. కానీ ఆ చప్పుడు ఇంకా పోలేదు. వచ్చే వారం హార్మోనియం తెచ్చేద్దాం."

"చెప్తే విన్నారా?" అంది వసంతకుమారి.