నవ్వు పడని సర్వర్

లిఫ్టులు బిగించే ఆ కంపెనీలో మెయిళ్ల బాధ్యత చూసే ఆవిడని అందరూ సర్వరమ్మ అనేవారు. వెక్కిరింతగా పుట్టిన పేరే అయినా ఆవిడకి నచ్చేసింది. పాత సర్వర్ ముసలిదైపోయి ఆయాసపడుతుంటే, మెయిళ్లన్నిటినీ కొత్త సర్వర్‌లోకి మార్చారు. మార్చిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచే గొడవ మొదలైంది.

పొద్దున బాగానే నడిచేది. ఉన్నట్టుండి తెర మీద డేటాబేస్ ఎర్రర్ అంటూ ఎర్రటి వరస పడేది. ఆఫీసు మొత్తానికి మెయిళ్లు ఆగిపోయేవి. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుందని ఎవరో మొరపెట్టుకున్న మెయిలు, ఇక్కడికొచ్చి తానే ఇరుక్కుని కూర్చునేది. సర్వరమ్మ పరుగున వెళ్లి సర్వర్‌ని ఆపి మళ్లీ నడిపించేది. దాంతో అడ్డం పడ్డ మెయిలేదో ‘చేరనివి’ అనే ఫోల్డర్‌లోకి పోయేది, వెనకున్నవన్నీ బిలబిలా బయలుదేరేవి. ఆవిడ వచ్చి టీ కప్పు అందుకునేలోపు మళ్లీ అదే ఎర్రటి వరస.

ఆవిడ పక్క సీటులో డేటాబేస్ పని చూసే ఆయన్ని సిద్ధాంతి అని పిలిచేవారు, ప్రతి తప్పుకీ ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది కాబట్టి. సోమవారం గదిలో వేడి ఎక్కువైందన్నాడు. ఫ్యాన్ తెచ్చి పెట్టారు. ఆ తర్వాత కేబుల్ వదులైందన్నాడు. కేబుల్ మార్చారు. చివరికి కింద అంతస్తులో ఎవరో డ్రిల్లింగ్ చేస్తున్నారు, ఆ అదురు వల్లే అన్నాడు.

"ఆ డ్రిల్లింగ్ నిన్ననే అయిపోయిందండీ," అంది సర్వరమ్మ.

"అదురు ఇంకా మిగిలుంటుంది లెండి."

ఆవిడకి కోపం రాబోయి నవ్వొచ్చింది. మళ్లీ మెయిళ్లు ఆగినప్పుడు ఆవిడ సర్వర్ జోలికి పోలేదు. "ఉండండి. ఈసారి తరిమెయ్యొద్దు. అసలు గుమ్మంలో ఎవరు అడ్డం పడ్డారో చూద్దాం," అంది.

అడ్డం పడ్డ మెయిలుని లోపల తెరవక్కర్లేకుండానే, పంపినవారి పేరూ సబ్జెక్టూ కనిపించాయి. సబ్జెక్టు చివర డేటాబేస్ పోల్చుకోలేని సంకేతమేదో ఉంది. దాన్ని బొమ్మగా మార్చి చూస్తే, కళ్లమ్మట నీళ్లొచ్చేలా పడీపడీ నవ్వుతున్న ముఖం. ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి, బారులు తీరి. పంపినవారు అకౌంట్స్ హెడ్.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అకౌంట్స్ హెడ్‌ని ఆఫీసులో గంభీరంగారు అంటారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. గ్రూప్ ఫోటోలో కూడా ఎవరి తప్పో పట్టుకున్నట్టే ఉంటాడు.

"ఆయన కంప్యూటర్‌ని ఎవరో హ్యాక్ చేశారు," అన్నాడు సిద్ధాంతి.

సర్వరమ్మ పరీక్షల కోసం ఉంచుకున్న నకలు సర్వర్ తెరిచింది. నవ్వుముఖం పంపింది. పడిపోయింది. ఏడుపుముఖం పంపింది. పడిపోయింది. సిద్ధాంతికి హుషారొచ్చి పిల్లి, ఏనుగు, పుచ్చకాయ ముక్క, డ్యాన్స్ చేసే అమ్మాయి వరసగా పంపాడు. పంపినప్పుడల్లా సర్వర్ దబ్బున కూలింది. పాతకాలం హృదయం గుర్తు ఒక్కటే దర్జాగా దాటుకుపోయింది.

"అర్థమైంది. దీనికి ప్రేమ ఫరవాలేదు, నవ్వే పడదు," అన్నాడు. ఇద్దరూ టేబుల్ పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోనే ఆయన చప్పున ఆగి నాలిక్కరుచుకున్నాడు. కొత్త డేటాబేస్‌లో పట్టికలు తయారుచేసినప్పుడు పాతరకం అక్షరాల పద్ధతి పెట్టింది ఆయనే. ఆ పద్ధతిలో ఇలాంటి బొమ్మలకి చోటు లేదు.

భోజనాల వేళ మెయిళ్లు కాసేపు ఆపి, ముందు కాపీ తీసిపెట్టుకుని, పద్ధతి మార్చేశారు. ఏనుగు వెళ్లింది. పుచ్చకాయ వెళ్లింది. సర్వరమ్మ అప్పుడు ‘చేరనివి’ ఫోల్డర్ తెరిచింది. పనికిరాని ప్రకటనలే ఉంటాయని ఇన్నాళ్లూ అటు చూడలేదు. అందులో ఉన్నవన్నీ గంభీరంగారివే, అన్నీ ఒక్క చిరునామాకే. జవాబు రాక మళ్లీ మళ్లీ పంపినట్టున్నాడు. పంపిన ప్రతిసారీ కొన్ని నవ్వుముఖాలు పెంచాడు.

ఆవిడ ఆయన గదికి వెళ్లింది. "సార్, మీ మెయిళ్లు కొన్ని పోలేదండీ. నేను సర్వర్ ఆపినప్పుడల్లా పక్కకి పడిపోయాయి. ఇప్పుడు పంపమంటారా?"

ఆయన కళ్లజోడు తీశాడు. "ఏవీ చేరలేదా?"

"ఒక్కటీ లేదు సార్."

"నేను ఇంకేదో అనుకున్నానమ్మా," అన్నాడు. "మా చెల్లెలు. ఏదో పెళ్లిలో ఫోటోకి ఎవరు ఎక్కడ నిలబడాలని మాటామాటా పెరిగింది. ఏళ్లు గడిచిపోయాయి. మొన్న తనే మన వెబ్‌సైట్‌లో నా చిరునామా పట్టుకుని ఇది పంపింది. ఫోన్ చేద్దామంటే ఏం మాట్లాడాలో తోచదు నాకు."

ఆయన తెర ఇటు తిప్పాడు. పాత ఫోటో. స్కూలు నాటకంలో రాకుమారి వేషం వేసిన కుర్రాడు, నిండా పౌడరు, పొడుగు జడ, ముఖంలో మాత్రం ఇప్పటి గాంభీర్యమే. పక్కన ముందుపళ్లు ఊడిన చిన్నపిల్ల. పైన సబ్జెక్టు: ఈ అందగత్తె ఎవరో చెప్పుకో.

సర్వరమ్మ పెదవి కొరుక్కుంది. ఆయన పంపిన జవాబు ఆవిడ ఇందాక సబ్జెక్టులో చూసిందే: పక్కనున్న బోసినోటి ముసలమ్మ ఎవరు?

"ఒక్కటి పంపనా సార్, అన్నీ పంపనా?"

"అన్నీ పంపమ్మా. ఒక్కటైతే మళ్లీ ఎక్కడైనా తప్పిపోతుందేమో."

ఆయన కంప్యూటర్ నుంచే సర్వర్‌లోకి వెళ్లి అన్నీ పంపింది. ఒకే ప్రశ్న, పెరుగుతూ పోయే నవ్వుముఖాలతో, వరసపెట్టి వెళ్లిపోయింది. ఎర్రటి వరస పడలేదు. ఆవిడ గది దాటకముందే ఆయన టేబుల్ మీద ఫోన్ మోగింది. మెయిలు అడుగున ఆయన ఆఫీసు నంబరు ఉంటుంది మరి.

"హలో, అకౌంట్స్," అన్నాడు గంభీరంగా.

అవతలి గొంతు గుమ్మం దాకా వినిపించింది. "బోసినోటి ముసలమ్మని మాట్లాడుతున్నా అన్నయ్యా. ఒకసారి అడిగితే చెప్పనా? ఇన్నిసార్లు అడగాలా?"

ఆయన నవ్వాడు. ఎక్కిళ్లలా మొదలై, సన్నటి కూతలా సాగి, మధ్యలో ఊపిరందక ఆగి, మళ్లీ లంకించుకునే నవ్వు. హాల్లో వాళ్లంతా తలలెత్తారు. ఎందుకో తెలియకుండానే ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మొదలుపెట్టారు. సిద్ధాంతి అయితే కుర్చీ చక్రాల మీద వెనక్కి జారి గోడకి తగిలాడు, అక్కడే ఉండి నవ్వాడు.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడింది తక్కువ, ఇద్దరూ కలిసి నవ్వింది ఎక్కువ. సాయంత్రం సంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చి, సర్వరమ్మ సీటు దగ్గర ఆగాడు. "రేపు నేను రానమ్మా. చెల్లెలి ఊరికి వెళ్తున్నా," అన్నాడు. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చి, మళ్లీ ఎక్కిళ్లు మొదలెట్టాడు.