పొట్టేలుకు కట్టిన ఫ్లెక్సీ

మా అత్త గుర్వమ్మకు దేవుడన్నా, నాయకుడన్నా పెద్దగా భయం లేదు. ఆమె భయమంతా మా పొట్టేలు గురించే. కట్టంగూర్ దగ్గర మా ఊళ్లో మాది ముప్పై గొర్రెల మంద. మందకంతటికీ ఒక్కటే పొట్టేలు. దానికి తిండి యావ తక్కువ, ఇంకో యావ ఎక్కువ.

ఆ చలికాలం మందలో ఆరు పడుచు గొర్రెలున్నాయి. ఎనిమిది నెలలు నిండీ నిండని పిల్లలు. అప్పుడే ఎదకొచ్చాయి. మేత మానేసి, తోకలాడిస్తూ పొట్టేలు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఎదకు రావడం వేరు, ఈనడానికి ఒళ్లు గట్టిపడటం వేరు. ఈ సంగతి వాటికి తెలీదు, పొట్టేలుకు అక్కర్లేదు. పోయినేడు ఇట్లాగే తొందరపడి చూలు కట్టిన ఒక పడుచు గొర్రె, కడుపులో పిల్ల అడ్డం తిరిగి, పశువుల దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే అత్త ఒళ్లోనే చచ్చిపోయింది. చాలా రోజులు ఆమె సరిగ్గా అన్నం తినలేదు. "వచ్చే వానకాలం దాక గీ ఆరింటి జోలికి పోనియ్య" అని ఈసారి ఒట్టు పెట్టుకుంది.

దీనికి పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం ఒకటే. పొట్టేలు నడుముకు గోనెపట్టా కట్టాలి. అది పొట్ట కింద వేలాడుతుంటే, మీదికెక్కినా పని జరగదు. కానీ మా పొట్టేలు గోనెపట్టాను రెండు రోజుల్లో తడిపి కుళ్లబెట్టింది. మిగిలిన ముక్కను పక్క గొర్రెలు కొరికి తినేశాయి. అప్పుడు అత్త కన్ను బస్టాండు దగ్గర గాలికి తెగిపడిన ఫ్లెక్సీ మీద పడింది.

అది గోపయ్యది. సర్పంచ్‌గా రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ ఓడిపోయినా ఊరికి శుభాకాంక్షలు చెప్పడం మానని మనిషి. చేతులు జోడించి నవ్వుతున్న బొమ్మ. అత్త కొడవలితో కోస్తే నడుము నుంచి తల దాకా ముక్క సరిగ్గా సరిపోయింది. కళ్లు కనపడక కట్టిందని మామ తర్వాత ఊరందరికీ చెప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. చూసే కట్టింది.

ఫ్లెక్సీ గట్టిది, నానదు, చిరగదు. పొట్టేలు ఎక్కబోయినప్పుడల్లా గోపయ్య రెండు చేతులూ జోడించి అడ్డం పడేవాడు. గెలిచినా ఊరికి ఇంత మేలు చేసి ఉండడు. మంద పోయే దారిలో జనం పనులు మానుకుని నిలబడి చూసేవాళ్లు.

నాలుగో రోజు పొద్దున గోపయ్యే మా దొడ్డి దగ్గరికి వచ్చాడు. బండి దిగకముందే అరుపు మొదలుపెట్టాడు.

"ఐలేశం! నా మొకం పొట్టేలు కింద కడ్తవా? రేపటిసంది నా చెల్కల నీ గొర్రెలు అడుగువెడ్తే చూడు!"

ఐలేశం మా మామ. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందంటారు. గొర్రెలు కాసీ కాసీ మామకూ ఆ గుణమే పట్టింది. రెండు ఎన్నికల్లోనూ గోపయ్య వెనక జెండా పట్టుకుని తిరిగాడు. "తప్పయింది గోపన్నా, ఆడిది తెల్వక కట్టింది" అంటూ వంగి ముడి విప్పేశాడు.

ఫ్లెక్సీ కింద పడిందో లేదో, పొట్టేలు ఒక్క దూకు దూకింది. ఆరింటిలో అన్నిటికన్నా బక్కదాన్ని గోడకు అదిమింది. అత్త చేతిలో తట్ట పారేసి ఉరికి, రెండు కొమ్ములూ పట్టి వెనక్కి గుంజింది. అది ఈడ్చుకుపోతుంటే మోకాళ్లు దోక్కుపోయినా వదల్లేదు. నేను వెనక కాళ్లు పట్టుకున్నాను. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. మగవాళ్లిద్దరూ నిలబడి చూస్తున్నారు. గోడవతల అప్పటికే పదిమంది పోగయ్యారు.

"గా ఫ్లెక్సీ ఇటు తే" అంది అత్త మామతో, రొప్పుతూ.

"నా మొకం కనవడొద్దు!" అన్నాడు గోపయ్య.

"కనవడది తియ్యి గోపన్నా" అంటూ అత్త ఫ్లెక్సీని తిరగేయించింది. తెల్లటి వైపు బయటికి, బొమ్మ లోపలికి. "ఇగో, ఇప్పుడు నీ మొకం ఎవ్వలకు కనవడది. పొట్టేలుకే తెలుస్తది."

జనం గొల్లుమన్నారు. గోపయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక బండి వైపు తిరిగాడు. కనపడొద్దన్నది ఆయనే మరి. బండెక్కి వెళ్లిపోయాడు.

మామకు మాత్రం తన పరువే పోయినట్టనిపించింది. పొట్టేలు పొట్ట కింద తాడు దూరుస్తూ గొణిగాడు.

"ఎదకొచ్చినయంటె కట్టేటందుకే గదా. దేవుడు వెట్టిన గడువది. నడుమ నీ అడ్డమేంది?"

అత్త కొమ్ములు వదల్లేదు. గొంతు కూడా పెంచలేదు.

"పెద్దమనిషైన మూడోనెలనే నన్ను నీ ఇంటికి తోలిండ్రు. గప్పుడు గూడ గిదే మాటన్నరు, దేవుని గడువని. ఏడాది తిరగకముందే కాన్పు. పిల్ల దక్కలే. నేను చావు తప్పి బతికిన. నాకు గింత గోనెపట్ట అడ్డం కట్టినోడు ఒక్కడు లేకపాయె."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదేళ్లు. మా ఆయన కన్నా ముందు ఇంకో బిడ్డ పుట్టిందని నాకు అప్పటిదాకా తెలియదు.

మామ తాడుకు ముడి వేశాడు. గుంజి చూశాడు. ఇంకో ముడి వేశాడు.