పదికి పది

ఇనప సామాను వర్తకుడు రోజూ కొట్టు తెరిచే ముందు అక్క ఇంటికి వెళ్తాడు. చేతిలో పది ఇంగ్లీషు వాక్యాలు రాసిన కాగితం ఉంటుంది. అందులో మూడు కావాలనే తప్పు రాస్తాడు. మనిషికి ‘హూ’ రావాలి, వస్తువుకి ‘విచ్’. అతను మనిషికి విచ్, మేకుకి హూ తగిలించి తెస్తాడు.

ముప్పై ఏళ్లు బడిలో గ్రామరు చెప్పిన అక్కకి మతిమరుపు జబ్బు పట్టింది. అయినా సాయంత్రం నలుగురు పిల్లలు ట్యూషన్‌కి వస్తూనే ఉన్నారు. అది మాన్పిస్తే అక్క మంచం పడుతుందని అతని వాదన. “పిల్లలకి తప్పులు నేర్పితే పాపం కదా మామయ్యా” అని మేనకోడలి వాదన. ఆ కాగితంలో అక్క తప్పులు పట్టినన్నాళ్లే ట్యూషన్ అని ఇద్దరూ ఒప్పుకున్నారు. తూకం వేసే పని అతనిది.

మొదట్లో అక్క మూడూ పట్టేసేది. “నీ బుర్రలో మేకైనా దిగుతుందేమో గానీ గ్రామరు దిగదురా! మేకుకి ప్రాణం ఎప్పుడొచ్చింది?” అని చీవాట్లు పెట్టేది. ఆ తిట్లు తిన్న రోజు అతనికి మంచి బోణీ అయినట్టుండేది. తర్వాత రెండు పట్టింది. వారంగా ఒక్కటే. అతను తప్పుల్ని కొట్టొచ్చినట్టు రాయసాగాడు. కొట్టులో ఏనాడూ చెయ్యని పని, త్రాసు ముల్లు మీద వేలు పెట్టడం, ఇక్కడ చేశాడు.

ఈ రోజు పదీ తప్పులే రాసుకొచ్చాడు. ఒక్కటైనా దొరక్కపోతుందా అని.

అక్క కళ్లజోడు సర్దుకుని ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివింది. టిక్కు. మళ్లీ టిక్కు. పదో దాని దగ్గర పెన్సిలు ఆగింది. అతను ముందుకి వంగాడు. అక్క టిక్కు పెట్టి, అడుగున పదికి పది వేసింది.

“మొద్దు వెధవవని నాన్న నిన్ను కొట్టబోతే నేనే అడ్డం పడేదాన్ని. ఎప్పటికైనా నేర్చుకుంటావని నాకు తెలుసురా తమ్ముడూ!”

ఆమె దగ్గర చదివినన్నాళ్లూ అతనికి పదికి నాలుగు దాటి మార్కులు రాలేదు.

గుమ్మంలో మేనకోడలు అడిగింది, “ఎన్ని పట్టింది మామయ్యా?”

కాగితం జేబులో పెట్టుకోబోయి, ఆగి, ఆమె చేతికిచ్చాడు. “పిల్లల ఇళ్లకి నేనే వెళ్లి చెప్తాలే. అమ్మతో మాత్రం సెలవులని చెప్పు.”

“ఒరేయ్, రేపు కూడా రాసుకురా!” లోపలి నుంచి అక్క కేకేసింది.

“తెస్తానక్కా.”

మధ్యాహ్నం కొట్టులో బేరాలు పలచబడ్డాక రేపటి కోసం కొత్త కాగితం ముందేసుకుని, పది వాక్యాలూ ఒప్పుగా రాయడానికి కూర్చున్నాడు. ఎలాగూ పదికి పది వేస్తుంది, ఆ మార్కులైనా కల్తీ కాకూడదనుకున్నాడు. తప్పులు రాయడం కంటే ఇదే కష్టంగా ఉంది. రాసిందే మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. పొరపాటు జరిగితే ఇక దిద్దే మనిషి లేదు.