మరీ తేటగా వచ్చిన స్ఫటికం

మా తమ్ముడు గాజు ఫ్యాక్టరీలో ఒక గదిలో స్ఫటికాలు పెంచుతాడు. ఆ గది ఊడ్చేది నేను. కంటికి కనపడని కాంతి ఒక పక్క నుంచి దూరితే రెండో పక్క నుంచి ఆకుపచ్చగా బయటికి రావాలి. అదీ ఆ స్ఫటికం చేయాల్సిన పని. కొలిమిలో కరిగిన పొడిలో చిన్న ముక్కను విత్తనంలా ముంచి, గోరు పెరిగేంత నిదానంగా పైకి లాగుతారు. లాగినన్నాళ్ళూ గదిలో ఎవరూ తుమ్మకూడదు. వారమంతా వచ్చిన తుమ్ములన్నీ దాచుకుని ఆదివారం ఇంట్లో తుమ్మేదాన్ని. పక్కింటి వాళ్ళ తలుపు గడియ రెండుసార్లు ఊడింది.

అంతకుముందు రెండు స్ఫటికాలు మసకగా వచ్చాయి. ఇదీ అలాగే వస్తే కొలిమి ఆర్పేసి తమ్ముణ్ణి సీసాల విభాగానికి పంపేస్తామన్నారు పైవాళ్ళు. వాడికి తిండి సయించలేదు. పొడిని తొమ్మిదిసార్లు శుద్ధి చేశాడు. అయిదు వారాలు లాగాడు. నున్నగా సానపట్టి, మెరవకుండా పూత కూడా పూశాడు. బల్ల మీద పెట్టి, పెట్టె కోసం వెనక్కి తిరిగాడు. మళ్ళీ చూస్తే బల్ల ఒక్కటే ఉంది.

"అక్కా, నువ్వుగానీ తుడిచేశావా?"

"నేను బల్ల జోలికే రాలేదురా. నీ మొహం, అది మరీ తేటగా వచ్చేసింది!"

అంతలో తనిఖీ ఆఫీసరు రానే వచ్చాడు.

"ఏదయ్యా మీ రాయి?"

"ఉందండీ. ఎక్కడుందో తెలియడం లేదంతే."

"కూర్చోడానికి కుర్చీ ఉందా, అదీ కనపడదా?"

తమ్ముడు అందరికీ నల్ల కళ్ళజోళ్ళు పెట్టి, కనపడని కాంతి దీపం వెలిగించాడు. కనపడని దీపంతో కనపడని రాయిని గదంతా వెతికాం. దీపం బల్ల చివరికి తిరిగేసరికి వెనక గోడంతా చిలకపచ్చగా వెలిగింది.

ఆఫీసరు దాన్ని తడిమి పట్టుకుని, కిటికీ దగ్గర ఇటూ అటూ తిప్పాడు. భూతద్దం పెట్టాడు. చూస్తున్నది రాయినో తన వేళ్ళనో ఆయనకే తెలియలేదు. చివరికి సంతకం పెట్టాడు.

"మసక లేదు, పగులు లేదు. కొలిమి ఆర్పక్కర్లేదు. కానీ చూడు బాబూ, ఈసారి మాత్రం కాస్త తక్కువ బాగా చెయ్యి. మావాళ్ళు పారేసుకుంటారు."

ఆయన వెళ్ళాక తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు.

"తక్కువ బాగా చెయ్యడం నాకు చేతకాదే అక్కా."

"దానికింత దిగులెందుకురా? రేపట్నుంచి రెండ్రోజులు నాతో వచ్చి ఊడువు. అదే వస్తుంది."